సంతకాల లెక్క కాదు, రైతు మాట లెక్క

ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. కోదాడ దగ్గర ఒక ఊళ్లో కూర్చుని, "పోయినేడాది నేను ఇచ్చిన ట్రైనింగ్ మీకు పనికొచ్చిందా?" అని రైతుల్నే అడిగాను.

నా రిజిస్టర్ నిండా సంతకాలున్నాయి. అదే సక్సెస్ అనుకున్నా. ఒక అక్క లేచి, "సంతకం పెట్టిన తమ్మీ. మా ఇంట్ల ఆవు లేదు, పేడ యాడికెళ్లి తేవాలె?" అన్నది. ఒక కౌలు రైతు, "వచ్చేడు ఈ పొలం నా చేతిల ఉంటదో లేదో. నేల బాగుచేసి ఎవరికియ్యాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇట్లా అడగడం మన ప్రాంతానికి కొత్త కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఉన్న పాత నల్లగొండ జిల్లాకు 2006లో మొదటి విడతలోనే ఉపాధి హామీ వచ్చింది. పనుల సామాజిక తనిఖీ గ్రామసభే చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్ చెప్పింది. దానికోసం ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ప్రత్యేక సొసైటీ పెట్టారు. మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "ఎన్ని రోజులు చేసినవ్? ఎంత ముట్టింది?" అని అడగడం, పని కొలవడం, గ్రామసభలో చదివి వినిపించడం, ఆఖరికి మండలంలో ప్రజావేదిక. కాగితం మీదున్నదీ నేల మీదున్నదీ పక్కపక్కన పెట్టి చూడటమే.

2001లో మెదక్ జిల్లాలో జరిగిన 'ప్రజాతీర్పు' ఇంకో అడుగు ముందుకేసింది. చిన్న, సన్నకారు రైతులు ఎక్కువగా ఉన్న జ్యూరీకి వ్యవసాయ భవిష్యత్తుకు మూడు దారులు వీడియోల్లో చూపించారు. ఒకటి అప్పటి ప్రభుత్వ విజన్ 2020. జ్యూరీ సాక్షుల్ని ప్రశ్నించి తీర్పు చెప్పింది. భూమి మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం వద్దంది. ఆరోగ్యమైన నేల, రకరకాల పంటలు, ఊరి చేతిలో వనరులు కావాలంది.

సామాజిక తనిఖీ "పని జరిగిందా?" అని అడుగుతుంది. ప్రజాతీర్పు "అసలు ఈ పనే మాకు కావాలా?" అని అడుగుతుంది. ప్రకృతి వ్యవసాయానికి రెండూ కావాలి.

మీ ఊళ్లో చేయాలంటే:

- ట్రైనింగ్, డ్రమ్ములు, విత్తనాలు అందినవాళ్ల లిస్టు అందరి ముందు పైకి చదవండి.
- ఒక పంట అయ్యాక పొలాలకు పోయి ఎవరు కొనసాగిస్తున్నారో చూడండి.
- మానేసినవాళ్లనే ముందు మాట్లాడనివ్వండి. ఆడవాళ్లు, కౌలు రైతులు లేకుండా మీటింగ్ మొదలుపెట్టకండి.

మా దగ్గర ఆవులున్న ఒక ఇంట్లో అందరికీ కలిపి జీవామృతం కలుపుదామని తేలింది. కౌలు రైతు ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు దొరకలేదు. దాన్ని రిజిస్టర్ మొదటి పేజీలో రాసి పెట్టాం. వచ్చే మీటింగ్ దానితోనే మొదలు.