పెరటి గన్నేరు: ఏ రకం నాటాలి, ఎక్కడ నాటాలి?

ఒక శ్రావణమాసపు ఉదయం, విజయనగరం కోట సమీపాన నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయులు గుప్పెడు ఆకులతో మా వైద్యశాలకు వచ్చారు. "వైద్యులుగారూ, మధుమేహానికి గన్నేరాకు మంచిదని మా పక్కింటివారు చెప్పారు. రేపటి నుంచి పరగడుపున నూరి పుచ్చుకుందామనుకుంటున్నాను. ముందు మీకు చూపించి రమ్మని మా కోడలు పట్టుబట్టింది" అన్నారు. పక్కింటివారు చెప్పినది బిళ్ళ గన్నేరు. ఆయన చేతిలో ఉన్నవి ఎర్ర గన్నేరు ఆకులు. ఆ కోడలి పట్టుదలే ఆయనను కాపాడినది.

గన్నేరు అన్న పేరుతో మన ప్రాంతంలో నాలుగు వేర్వేరు మొక్కలు చెలామణి అవుతున్నాయి. నాలుగూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవే అయినా గుణాలు వేరు. శాస్త్రాలలో కరవీరమని చెప్పబడినది అసలు గన్నేరు. సన్నగా, పొడవుగా, దళసరిగా ఉండే దీని ఆకులు కణుపుకు మూడేసి చొప్పున వస్తాయి. ఈ గుర్తు ఒక్కటి పిల్లలకు కూడా నేర్పవలెను. పచ్చ గన్నేరు వేరొక జాతి. మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చినది. ఆకులు మరింత సన్నగా ఉండి, గంట ఆకారంలో పసుపు పూలు పూస్తుంది. బిళ్ళ గన్నేరు మోకాలి ఎత్తు మొక్క, ఆకు కోలగా ఉంటుంది. ఇక దేవగన్నేరు చెట్టుగా పెరిగి, కొమ్మల చివర పెద్ద ఆకులతో గుడుల ముంగిళ్ళలో కనిపిస్తుంది.

బిళ్ళ గన్నేరు గురించి ఒక మాట. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కాన్సరు మందులు దీని నుండియే లభించాయి. అంతటి తీక్ష్ణ ద్రవ్యాన్ని ఎవరికి వారే నూరుకొని త్రాగడం నాకు సమ్మతం కాదు.

కరవీరానికి అశ్వమారకమని పర్యాయపదం. గుర్రాన్ని సైతం చంపగలదని అర్థం. చరకుడు దీనిని కుష్ఠఘ్న ద్రవ్యాలలో చేర్చాడు. సుశ్రుతుడు మూలవిషాలలో లెక్కించాడు. రెండూ నిజమే. ఔషధమూ అదే, విషమూ అదే. అందుకే ఉపవిషాలలో చేర్చి, గోక్షీరంలో ఉడికించి శుద్ధి చేసిన తరువాతనే వాడవలెనని మన పెద్దలు నియమం పెట్టారు. గురుకులంలో నేను ఈ శుద్ధి నేర్చిన రోజుల్లో, ఆ పాత్రను వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. కరవీర తైలం పైపూతకే గాని లోనికి కాదు. గృహవైద్యంలో గన్నేరుకు చోటు లేదని నా నిశ్చితాభిప్రాయం.

వేరు మొదలు పువ్వు వరకు దీనిలో గుండెపై పనిచేసే విషపదార్థాలున్నాయి. ఆకు ఎండినా విషం పోదు. పశువులకు ఇదే పెద్ద ప్రమాదం. కేరళలో గన్నేరు ఆకు నమిలిన ఒక యువతి మరణించినట్లు వార్తలు వచ్చిన తరువాత, 2024 మే నెలలో ట్రావెన్‌కోర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్య ప్రసాదాలలో గన్నేరు పూలను నిలిపివేశాయి. మన ఇళ్ళలో కూడా పూలు స్వామి పాదాల వద్ద ఉంచవచ్చును గాని తీర్థంలో, ప్రసాదంలో వేయరాదు.

ఇంత చెప్పి నాటవద్దంటానా? అనను. మన ఎర్రనేలకు, భోగాపురం వైపు వీచే ఉప్పుగాలికి, వేసవి ఎద్దడికి ఇంతగా తట్టుకొనే పూలపొద అరుదు. తుపానుకు కొమ్మలు విరిగినా మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. జపానులో హిరోషిమా నగరం, 1945 అణుబాంబు విధ్వంసం తరువాత త్వరగా పూచినదని దీనినే తన నగరపుష్పంగా స్వీకరించింది.

రకం ఎన్నుకొనేటప్పుడు ముందుగా ఇంట్లో ఎవరున్నారో చూసుకొనవలెను. నోట్లో ఏది పడితే అది పెట్టుకొనే పసిపిల్లలున్నా, పశువులు కట్టే దొడ్డి అయినా ఏ గన్నేరూ వద్దు. మందారమో నూరువరహాలో చాలు. పచ్చ గన్నేరును మాత్రం పిల్లలు లేని ఇంట కూడా నేను ఒప్పుకోను. దాని గుండ్రని కాయలు చూస్తే పిల్లలకు ఆటవస్తువులనిపిస్తాయి. అందులోని పప్పు ప్రాణాంతకం. పక్కింటి పిల్లలు మన గోడ దాటి రారని ఎవరు చెప్పగలరు?

పూజకు ఒంటిరేకు తెల్ల గన్నేరు ఉత్తమం. వాడిన పువ్వు తనంతట తానే రాలిపోతుంది. ముద్ద గన్నేరు కంటికి నిండుగా ఉన్నా, వానకు తడిసిన పూలు కొమ్మకే అంటుకొని కుళ్ళుతాయి. చిన్న పెరడున్నవారు పొట్టి రకాన్ని నర్సరీలో అడిగి తెచ్చుకొనవచ్చును. రంగును బట్టి విషం తగ్గుతుందని భ్రమపడరాదు.

తొలకరి పడ్డాక జానెడు ముదురు కొమ్మను కోసి, క్రింది ఆకులు తీసి నాటితే వేరూనుతుంది. రోజంతా ఎండ తగలవలెను, మొదట నీరు నిలువరాదు. నూతికి, నీటితొట్టికి, ఆవులు మేసే చోటుకు దూరంగా ఉంచవలెను. పూలు కొత్త చిగుళ్ళ చివర వస్తాయి గనుక ఒక విడత పూత అయ్యాక కత్తిరిస్తే పొద గుబురుగా పెరుగుతుంది. లేత చిగుళ్ళకు పసుపురంగు పేను పడితే నీటిధారతో కడిగితే చాలు. కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులుండవలెను. పాలు కంట పడరాదు. కోసిన కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు, పొగ కూడా హానికరం. పందుంపుల్లగా వాడరాదు. గొయ్యి తీసి పూడ్చివేయడమే మేలు.

ఎవరైనా పొరపాటున తిన్నారని తెలిస్తే వాంతులు, కడుపునొప్పి, కళ్ళు మసకబారడం, నాడి మందగించడం కనిపించేదాకా వేచి ఉండరాదు. మజ్జిగ, చింతపండు రసం వంటివి పట్టించి, బలవంతంగా వాంతి చేయించి కాలం వృథా చేయరాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తరలించవలెను. నేను వైద్యుణ్ణే, అయినా ఇది నా వద్దకు తేవలసిన జబ్బు కాదు. వెళ్ళేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసుకొని వెళ్ళండి. తిన్నది ఏ గన్నేరో అక్కడి డాక్టర్లకు తెలియాలి.