మీకు తెలుసా? మెడపట్టీ మోసుకొచ్చే మంగోలియా కబురు

చలికాలంలో బెంగళూరు పక్షిప్రేమికులు చీకటితోనే లేచి మైసూరు జిల్లా హదినారు చెరువుకు బయల్దేరతారు. తెల్లటి తలమీద రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ బాతుల కోసం! కొన్నింటి మెడకు ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. బాతు గడ్డి మేయడం ఆపి మెడ నిక్కించిన ఆ రెండు క్షణాల్లోనే దానిమీది అక్షరాలూ అంకెలూ చదివేయాలి. అవి మంగోలియా సరస్సుల దగ్గర శాస్త్రవేత్తలు తొడిగినవి. ఈ బాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే చోట్లలో అదొకటి. అక్కణ్నుంచి ఇక్కడికొచ్చే దారి మధ్యలో హిమాలయాలు! ట్రాకర్ కట్టిన ఒక బాతు ఏకంగా 7,290 మీటర్ల ఎత్తున ఎగిరింది. పలచటి గాలిలోనూ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ వీటి రక్తంలో ఉంది.