నడుచుచుండగా తావు మారిన ప్రోగ్రాము



2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీని పిట్టలవానిపాలెము గుంటూరు జిల్లానుండి బాపట్ల జిల్లాలోనికి వచ్చెను. అందువలన పొలములలో నొక సర్వే రాయియైనను కదలలేదు. మారినది చిరునామా మాత్రమే. కంప్యూటరులో నడుచుచున్న ప్రోగ్రామును ఒక ఫోల్డరునుండి మఱియొక ఫోల్డరునకు మార్చినప్పుడు జరుగునదియు నిట్టిదే.

ప్రోగ్రామనగా డిస్కుమీద వ్రాసియుంచిన ఆజ్ఞల ఫైలు. కంప్యూటరును నడపు లినక్సు అను ఏర్పాటులో ప్రతి ఫైలునకును ఐనోడ్ అను సంఖ్య యుండును. అది పొలమునకు సర్వే నంబరువంటిది. ఫోల్డరును పేరును చిరునామావంటివి. ఒకే డిస్కు భాగములో తావు మార్చినచో సంఖ్య మారదు, వ్రాత కదలదు. కావుననే నడుచుచున్న ప్రోగ్రాము ఆగిపోదు. చిక్కంతయు నందే యున్నది.

సహకార సంఘములో ధాన్యపు లెక్కల ప్రోగ్రామును ఉదయమున తెఱచిరనుకొనుడు. మధ్యాహ్నమున నెవరో చోటు సర్దుచు దాని ఫోల్డరును వేఱొకచోట పెట్టిరి. తెరమీద లెక్క సాగుచునే యుండును. సాయంకాలము రసీదు అచ్చువేయుటకై తెలుగు అక్షరముల ఫైలును పాతచోటున వెదకగా నది దొరకదు. బస్తాలు దింపి కాటా వేయించిన రైతు రసీదుకొఱకు నిలిచియుండవలసినదే.

దీనిని కనిపెట్టుటెట్లు? 2005వ సంవత్సరమున లినక్సులో ఐనోటిఫై అను కావలి చేరెను. “ఈ ఫైలు కదలినచో నాకు తెలుపుము” అని ప్రోగ్రాము దానిని కోరవచ్చును. కాని ఫైలుమీద నుంచిన కావలి, పైనున్న ఫోల్డరును మార్చినచో పలుకదు. జిల్లా మారిననాడు ఊరి పొలిమేరరాతిని కాచువానికేమి తెలియును? పైగా, కదలినదని చెప్పునేకాని యెచ్చటికో చెప్పదు.

నా యభిప్రాయమున మేలైన మార్గము వేఱొకటి గలదు. నడుచుచున్న ప్రతి ప్రోగ్రామునకును లినక్సు ‘ప్రాక్’ అనుచోట నొక లంకె నుంచును. పై ఫోల్డరు మారినను అది నేటి చిరునామానే చూపును. ప్రారంభమున దానిని చదివి గుర్తుంచుకొని, అప్పుడప్పుడు మరల చదివి పోల్చవలెను. రెండును వేఱైనచో తావు మారినట్లే. ఇక క్రొత్తచోటున వెదకవచ్చును.

మఱియొక డిస్కునకు మార్చుట యిట్టిది కాదు. అది క్రొత్త ప్రతి వ్రాసి పాతదానిని తుడిచివేయుట, సంఖ్యయే మారును. అప్పుడా లంకె పాత చిరునామానే చూపి, చివర ‘తొలగింపబడినది’ అను గుర్తు నుంచును. క్రొత్త తావు తెలియదు గనుక, లెక్క దాచి తన్ను మూసి మరల తెఱవుడని ప్రోగ్రాము గుమాస్తాకు మధ్యాహ్నమే తెరమీద చెప్పవలెను.