గాలిని తాగే పిడుదు

"వానలు వెళ్లిపోయాయి, చలి కూడా అయిపోవచ్చింది. మా కుక్కకి పిడుదుల మందు ఇంకా వెయ్యాలా? మళ్లీ వానాకాలం దాకా ఆపితే ఏమవుతుంది?" అని కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆపకండి. జవాబు ఇంతే, ఉత్తరం మీద రాసి పంపేయవచ్చు. కానీ ఆ ప్రశ్న వెనక ఇంకొకటి నక్కి ఉంది, అది నన్ను వదలడం లేదు. కుక్క మీద లేని రోజుల్లో, తిండీ నీళ్లూ లేకుండా, గోడ పగులులో ఆ పిడుదు ఎలా బతుకుతోంది?

ముందు పరిచయాలు, చకచకా. కొన్ని ఊళ్లలో గోమారి అంటారు, పట్నాల్లో టిక్ అనేస్తున్నారు. ఇది కీటకం కాదు. సాలీడుకీ తేలుకీ చుట్టం. మన ఇళ్లలో కుక్కల్ని పట్టేది ఎక్కువగా రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అనే గోధుమరంగు జాతి. పిల్లగా ఒకసారి, నడిమి దశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్కనెక్కి తాగుతుంది. తాగిన ప్రతిసారీ దిగిపోతుంది. ఆఖరుసారి దిగిన ఆడది గోడెక్కి, కాలెండర్ వెనకో తలుపు చట్రం సందులోనో వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. కుక్కల్నే పట్టే ఫ్లీ వేరు. అది రెక్కల్లేని గెంతుడు కీటకం. దాని గుడ్లు కుక్క పడుకునే గోనెపట్టాలో రాలతాయి, ప్యూపా గూట్లోనే నెలల తరబడి ఆగి, అడుగుల అదురూ ఒంటి వెచ్చదనమూ తగలగానే బయటపడుతుంది. దాన్నీ ఏడాదంతా కనిపెట్టుకోవలసిందే. దాని గెంతు గురించి ఇంకో నెల చెప్పుకుందాం.

నేనొక పిడుదును మూత కింద తడిదూది పెట్టిన చిన్న సీసాలో ఉంచాను. (ఇంట్లో ఏమన్నారో ఇక్కడ రాయను.) రెండు నెలల తర్వాత మూత తీసి మెల్లగా ఊదాను. రాయిలా పడి ఉన్నది కదిలింది, ముందుకాళ్లు రెండూ గాల్లోకి చాచింది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును పసిగట్టే గుంటలు ఆ కాళ్ల చివరే ఉంటాయి. రెండు నెలల ఉపవాసం దానికి లెక్కేకాదు. పెద్ద పిడుదు ఏడాది దాటి కూడా తిండి లేకుండా ఉండగలదు.

దానికి ఆకలితో పేచీ లేదు, దాహంతోనే. అంత చిన్న ఒంట్లోంచి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది, పగులులో చెరువు లేదు. అందుకని గాలిని తాగుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు చెమ్మగిల్లడం చూస్తాం కదా? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని కరుగుతుంది. పిడుదు చేసేదీ అదే. ఉప్పులు నిండిన ఉమ్మిని మూతి మీదికి వదులుతుంది. గాలిలో తేమ తగినంత ఉంటే ఆ ఉమ్మి నీటిని పట్టుకుంటుంది. దాన్ని తిరిగి మింగేస్తుంది. మన గోధుమరంగుది మరీ మొండిఘటం, పొడి ఇంట్లోనూ చాలాకాలం నెట్టుకొస్తుంది.

ఇది తేలడానికి పాతికేళ్ల పైనే పట్టింది. 1940లలో బ్రిటన్‌లో లీస్ అనే శాస్త్రవేత్త పిడుదు గాలిలోంచి నీరు తీసుకుంటోందని సరిగ్గానే కనిపెట్టాడు. కాని చర్మంలోంచి పీలుస్తోందనుకున్నాడు. 1974లో రుడాల్ఫ్, క్నూలె దాని నోరు మూసి చూశారు. నీరు ఎక్కడం ఆగిపోయింది! ఇంత సులువైన పరీక్ష అన్నాళ్లూ ఎవరికీ తట్టలేదా అనిపిస్తుంది నాకు.

అంతకన్నా పేరున్న పొరపాటు జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ యుక్స్‌క్యుల్‌ది. జర్మనీలోని రోస్టాక్‌లో పిడుదులు 18 ఏళ్లు తిండి లేకుండా బతికాయని 1934లో రాశాడు. తత్త్వవేత్తలు దాన్ని పట్టుకుని ఎంతో దూరం వెళ్లారు. అన్నేళ్లూ దానికి నీళ్లెక్కడివని మాత్రం అడగలేదు. కుక్కను పట్టే జాతులకు అంత ఆయుష్షు లేదు. కెన్యా నుంచి తెచ్చిన ఆర్గస్ బ్రంప్టి అనే మెత్తటి పిడుదులు ప్రయోగశాలలో 27 ఏళ్లు బతికాయని, అందులో 8 ఏళ్లు తిండే లేదని 2022లో జూలియన్ షెపర్డ్ ప్రకటించాడు. అది వేరే కుటుంబం.

మన ఇంటి పిడుదు కుక్కనెక్కగానే, గాలిలోంచి నీరు పట్టిన అదే ఉమ్మిగ్రంథి పని తలకిందులవుతుంది. ఆడది తన బరువుకు వంద రెట్ల దాకా ఉబ్బుతుంది. దానికి కావలసింది రక్తంలోని పోషకాలు, నీరు కాదు. మరి ఆ నీరంతా ఏం చెయ్యాలి? తిరిగి కుక్క ఒంట్లోకే ఉమ్మేస్తుంది. తాగిన నీటిలో నాలుగింట మూడు వంతులు అలా వెనక్కి పోతాయి. టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీకియా వంటి క్రిములకు అదే రహదారి. మలేరియా దోమ సంగతి రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897లో తేల్చాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. అంతకు నాలుగేళ్ల ముందే, 1893లో, పశువుల టెక్సస్ జ్వరం పిడుదు వల్ల వస్తోందని స్మిత్, కిల్‌బోర్న్ అమెరికాలో రుజువు చేశారు. వాళ్లను తలిచేవాళ్లు తక్కువ.

ఇక మందుల సంగతి. ఇప్పటి మాత్రలు కుక్క రక్తంలో తిరుగుతూ, కుట్టిన పిడుదు నరాల్లోని క్లోరైడ్ ద్వారాలను మూసేస్తాయి. కొన్ని నెలకొకటి, ఒకరకం 12 వారాలకొకటి. కుట్టాకే చస్తుంది కనుక, మాత్ర వేశాక కూడా కుక్క మీద ఒకటీ అరా కనబడితే మందు దొంగదని డాక్టరు మీదికి వెళ్లకండి. కుక్కకు ఫిట్స్ ఉంటే మాత్ర అడిగే ముందే చెప్పండి. కిరోసిన్ రాసేవాళ్లు ఇంకా ఉన్నారు; వాళ్లకు దండం. మధ్యలో రెండు నెలలు మానేస్తే, కాలెండర్ వెనకున్నవి ఆ రెండు నెలలూ గాలి తాగుతూ కూర్చుంటాయి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక్కమాట. పర్మెత్రిన్ ఉన్న కుక్క మందును దానికి పొరపాటున కూడా రాయకండి. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు, వణుకు మొదలై ప్రాణమే పోవచ్చు.