నాసిక్ ద్రాక్ష, తేనె: ఇంటికి తెచ్చుకునే ముందు

షిర్డీ యాత్రకు వెళ్ళే మన తెలుగు కుటుంబాలు పంచవటి, త్ర్యంబకేశ్వరం కూడా దర్శించి తిరిగి రావడం పరిపాటి. నాసిక్ పరిసరాలు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. గత మాఘమాసంలో నా వద్ద చికిత్స పొందే కొన్ని కుటుంబాలవారు యాత్రలో ఒక దినాన్ని తోటల సందర్శనకు కేటాయించి, నన్నూ వెంట తీసుకొని వెళ్ళారు. సాయంత్రానికి అందరి సంచులలో ఎండుద్రాక్ష, తేనె చేరాయి. కొందరు ద్రాక్ష మద్యం సీసాలు కూడా కొనబోయారు. వీటిలో ఏది ఎవరికి హితం? వారడిగిన ఈ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

ఫలాలలో శ్రేష్ఠం

అక్కడ ద్రాక్షతీగకు ఏటా రెండుసార్లు కత్తిరింపు జరుగుతుంది. ఏప్రిల్‌లో చేసేది కొమ్మ బలానికి, అక్టోబరులో చేసేది ఫలానికి. జనవరి నుండి మార్చి వరకు కోతలు సాగుతాయి. చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం ఫలాలన్నింటిలో ద్రాక్షనే శ్రేష్ఠమని పేర్కొన్నది. ఇది మధురం, స్నిగ్ధం, శీతవీర్యం. దప్పికను, మలబద్ధతను పోగొడుతుంది. రాత్రి 10 నుండి 15 ఎండుద్రాక్షలను కడిగి నీటిలో నానవేసి, ఉదయం ఆ నీటితో సహా సేవిస్తే విరేచనం సాఫీగా అవుతుంది. మధుమేహ రోగులు మాత్రం వైద్యుని సంప్రదించాలి. పసుపు వన్నెతో మెరిసే ఎండుద్రాక్షలలో కొన్నింటికి గంధకపు పొగ పెడతారు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి అది పడదు.

మద్యం వేరు, ఆసవం వేరు

2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది. నేడు నాసిక్ చుట్టుపక్కల అనేక మద్య తయారీశాలలు సందర్శకులను ఆహ్వానిస్తున్నాయి. ఉక్కు తొట్లలో ద్రాక్షరసం పులిసే విధానాన్ని చూసిన ఒక హృద్రోగి నన్నడిగాడు: “అయ్యా, మీరు ద్రాక్షాసవం ఇస్తారు కదా, ఇదీ అదే గదా?”

కాదు. పులియడం రెండింటికీ సమానమే. కాని ద్రాక్షాసవంలో ద్రాక్షతోపాటు ధాతకీ పుష్పాలు, సుగంధ ద్రవ్యాలు చేరుతాయి. దాని మోతాదు 12 నుండి 24 మిల్లీలీటర్లు. సమానంగా నీరు కలిపి భోజనానంతరం తీసుకోవాలి. అది వ్యాధిని బట్టి, కొంతకాలం మాత్రమే ఇచ్చే ఔషధం. కాలేయ వ్యాధిగ్రస్తులు, గర్భిణులు, మద్యం మానినవారు దానిని సైతం స్వయంగా వాడరాదు. 84 ఆసవాలను లెక్కించిన చరకసంహితే చికిత్సాస్థానం 24వ అధ్యాయాన్ని మదాత్యయ చికిత్సకు కేటాయించింది. ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కనుక గుండెకు మేలని ఎవ్వరూ ఈ సీసాలు తెచ్చుకోవద్దు.

తేనె విషయం

తేనెటీగలు అరను మైనంతో మూసిన పిమ్మట తీసినదే పక్వమైన తేనె. తొందరపడి తీసినదానిలో నీరు ఎక్కువై నురుగుతో పులుస్తుంది. పేరుకున్నంత మాత్రాన కల్తీ అనుకోరాదు. తేనెలోని ఒక చక్కెర సహజంగానే గడ్డకడుతుంది. నీటిలో చుక్క వేయడం, అగ్గిపుల్లతో వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. 2020 డిసెంబరులో ఢిల్లీకి చెందిన సీఎస్‌ఈ సంస్థ 13 బ్రాండ్లను పరీక్షింపజేయగా, మూడు మాత్రమే అన్ని పరీక్షలలోనూ నెగ్గాయని ప్రకటించింది. చక్కెర పాకం కలిపినా కంటికి తెలియదు. కనుక పెంపకందారు వద్ద, పెట్టెలను చూసి, విచారించి కొనడం మేలు.

మా బృందంలో ఒక అమ్మమ్మగారు రెండు నెలల మనుమని నాలుకకు రాయడానికి తేనె కొన్నారు. జాతకర్మలో తేనె, నెయ్యి నాకించే ఆచారం మన గ్రంథాలలో ఉన్నమాట వాస్తవమే. నేను గురుకులంలో వల్లెవేసినదీ అదే. అయినా ఆమెను వారించాను. తేనెలో బొటులిజం అనే వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల ప్రేగులు వాటిని అణచివేస్తాయి. పసిబిడ్డ ప్రేగులలో అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. మలబద్ధకం, ఏడుపు సన్నగిల్లడం, పాలు త్రాగలేకపోవడం, మెడ వాలిపోవడం దాని లక్షణాలు. ఇవి కనిపించిన వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. ఇంట్లో కాచినా ఆ బీజాలు నశించవు. సంవత్సరం నిండని బిడ్డకు తేనె చుక్కయినా వద్దు. ఆచారం యొక్క ఉద్దేశం బిడ్డ క్షేమమే గదా! ఆ క్షేమానికే భంగమని తెలిసినప్పుడు ఆచారాన్ని పట్టుకొని ఉండడం శాస్త్రాభిమానం కాదు.

పెద్దలు దగ్గుకు ఒక చెంచా అల్లపురసంలో ఒక చెంచా తేనె కలిపి, రోజుకు రెండుసార్లు సేవించవచ్చు. తేనెను వేడి చేయరాదు, నేతితో సమభాగంగా కలపరాదు. తడిలేని గాజుసీసాలో మూత బిగించి ఉంచండి. తేనె కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది గనుక మధుమేహ రోగులు దీనిని పంచదారకు బదులుగా భావించవద్దు.