ఇంటర్నెట్టులో తెలుగు కూటములు: రచ్చబండా, పరాయి అరుగా?

మన పల్లెల్లో నలుగురు చేరి మాట్లాడుకునే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి రచ్చబండ, రెండవది ఎవరో ఒకరి ఇంటి అరుగు. 'రచ్చ' అనేది సంస్కృత 'రథ్య'కు వికృతి. నలుగురూ నడిచే వీధి అని దాని అర్థం. అక్కడి బండ ఎవరి సొత్తూ కాదు. అరుగు సంగతి వేరు. ఇంటాయన మంచివాడైనంత కాలం, ఇల్లు ఆయనదైనంత కాలం అందరూ దానిమీద కూర్చుంటారు. ఇల్లు చేతులు మారిన నాడు అరుగు చుట్టూ కటకటాలు లేస్తాయి. గత ముప్పయి ఏళ్ళ పైచిలుకుగా తెలుగువారు కంప్యూటర్ల మీద ఏర్పరచుకొన్న కూటములు ఈ రెంటిలో ఏ కోవకు చెందుతాయో ఇక్కడ పరిశీలిస్తాము. ఆంధ్ర, తెలంగాణల వెలుపల చదువుకొంటున్న మన విద్యార్థులకు ఈ విచారణ మరీ అవసరం. హైదరాబాదులో ఒక వేదిక మూతపడితే పుస్తకాల దుకాణం, పత్రిక, బడి మిగిలే ఉంటాయి. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న విద్యార్థికి దూరపు తెలుగువారితో తెలుగు రాసుకొనే చోటు చాలావరకు చేతిలోని ఫోనే. (యానాము సంగతి వేరు, అక్కడ చుట్టూ తెలుగే.)

మొట్టమొదటి కూటమి నిజంగా రచ్చబండే. అమెరికాలోని ఉత్తర కెరొలైనాలో 1979లో విద్యార్థులు తలపెట్టిన 'యూజ్‌నెట్' అనే ఏర్పాటుకు కేంద్రమంటూ లేదు. ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటరులో రాసిన జాబు పక్క కంప్యూటరుకు, అక్కడినుంచి ఆ పైదానికి నకళ్ళుగా పాకిపోతుంది. ఒక యంత్రం ఆగిపోయినా మిగిలిన యంత్రాలలో నకళ్ళు ఉంటాయి. 1990ల తొలి ఏళ్ళలో ఇందులో తెలుగువారికి ఒక చర్చా విభాగం వెలసింది. మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్టు వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా అందింది 1995 ఆగస్టు 15న కాబట్టి, తొలి రోజుల్లో అక్కడ రాసినవారిలో ఎక్కువమంది అమెరికాలో చదువుకొంటున్న విద్యార్థులు. కంప్యూటర్ల మీద తెలుగు కూటమికి పునాది తెలుగు నేలకు బయట పడిందన్న మాట. ప్రవాసాంధ్రులైన మన పాఠకులకు ఈ సంగతి కొంత సంతోషం కలిగించవచ్చు.

అప్పుడు తెలుగు లిపి తెర మీదికి రాలేదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును తప్పులేకుండా రాయడానికి ఒక పద్ధతి పుట్టింది. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద దాన్ని ఆర్.టి.యస్. అన్నారు. చిన్నబడి 'ఎల్' రాస్తే ల, పెద్దబడి 'ఎల్' రాస్తే ళ. చిన్నబడి 'టి' త, పెద్దబడి 'టి' ట. చూపుకు ఇది ఏమంత ఇంపుగా ఉండదు. అయినా ఏ ఫాంటూ అక్కరలేని మామూలు అక్షరాలు కనుక ఆనాటి రాతను ఈనాటి ఏ యంత్రమైనా చదువుతుంది. కొద్ది కాలానికి తెలుగు పత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో ఇంటర్నెట్టులోకి వచ్చాయి. ఒక పత్రిక 'క' కోసం వాడిన సంఖ్యను మరో పత్రిక వేరొక అక్షరానికి వాడింది. ఆ ఫాంటు మన కంప్యూటరులో లేకపోతే కనిపించేది చెత్త. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకొన్న ఒకే సంఖ్యను ఇచ్చే 'యూనికోడ్' 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినా, అది ఇళ్ళలోకి వచ్చింది 2001లో విండోస్ ఎక్స్‌పి, దానితోపాటు 'గౌతమి' ఫాంటు వచ్చాకనే. పాత పత్రికా ఫాంట్ల రాతను యూనికోడులోకి మార్చి చూపడానికి 'పద్మ' వంటి ఉపకరణాలను ఔత్సాహికులు సొంత ఓపికతో తయారుచేశారు. తెలుగు భాషా చరిత్ర రాసేవారు వీరి పనికి తప్పక చోటివ్వాలని మా అభిప్రాయం.

ఇక అరుగుల కాలం. 2000 ప్రాంతంలో యాహూ వంటి సంస్థలు ఉచితంగా, ఏ సాంకేతిక జ్ఞానమూ లేనివారు కూడా పది నిమిషాలలో ఒక చర్చా బృందాన్ని నెలకొల్పుకొనే వీలు కల్పించాయి. జనం అటు వెళ్ళడం తప్పేమీ కాదు; అంతకంటె సులువైనది మరొకటి లేదు. తెలుగు సాహిత్య చర్చలకు పేరుపడిన ఒక బృందం యాహూలోనే నడిచింది. దాని పేరే 'రచ్చబండ'! పేరు రచ్చబండ, కూర్చున్నది అరుగు మీద. 2019 అక్టోబరులో యాహూ తన బృందాలలో కొత్తవి దాచుకోవడం ఆపివేసి, పాత జాబులన్నీ తొలగిస్తామని ప్రకటించింది. 2020 డిసెంబరు 15న ఆ సేవ పూర్తిగా మూతపడింది. సభ్యులు ముందుగా దించుకొన్నవి, ఔత్సాహికులు కాపాడినవి తప్ప మిగిలినవి పోయాయి. ఇది ఒంటరి ఉదంతం కాదు. సొంత పేజీలు కట్టుకొనే 'జియోసిటీస్'ను 1999లో కొన్న యాహూయే 2009 అక్టోబరులో దాన్ని మూసింది. మన కళాశాలల పిల్లలు విరివిగా వాడిన 'ఆర్కుట్' 2004లో పుట్టి 2014 సెప్టెంబరు 30న పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. యూజ్‌నెట్ పాత జాబుల భాండారాన్ని 2001లో కొన్న గూగుల్, 2024 ఫిబ్రవరి తరువాత కొత్త జాబులను చేర్చుకోవడం మానివేసింది; ఉన్నవాటిని చదవనిస్తున్నది. మన దేశపు సంస్థ అయితే నిలుస్తుందనుకోవడానికీ లేదు. బెంగళూరులో 2020లో మొదలై తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో నడిచిన 'కూ' 2024 జులైలో మూతపడింది.

మూతపడనివి కూడా మొదట ఉన్నట్టు ఉండవు. ఇందుకు కారణాన్ని కోరీ డాక్టరో అనే రచయిత 2022లో వివరించాడు. దానికి ఆయన పెట్టిన పేరు కాస్త మోటుది, ఇక్కడ చెప్పము. విషయం మాత్రం సరళమే. సంస్థ మొదట వాడుకరులకు మేలు చేసి వారిని చేరదీస్తుంది. అందరూ చేరాక, విడిచి వెళ్ళడం కష్టమయ్యాక, ప్రకటనలిచ్చే వ్యాపారులకు వారిని అప్పగిస్తుంది. చివరకు వ్యాపారులనూ పిండి లాభమంతా తనే తీసుకొంటుంది. స్నేహితులు రాసినవి వరసగా కనిపించిన చోట ఇప్పుడు ఎవరివో వీడియోలు, ప్రకటనలు ముందు కనిపించడం ఈ రెండవ, మూడవ దశల లక్షణం. వెళ్ళిపోదామంటే నలుగురూ ఒకేసారి లేవాలి, అదే జరగదు. బయటివారు తయారుచేసిన ఉపకరణాలు తమ సమాచారాన్ని వాడుకొంటే 2023 జులై నుంచి పెద్ద రుసుము చెల్లించాలని రెడిట్ సంస్థ నిర్ణయించినప్పుడు, అంతకు ముందు నెలలో వేలాది బృందాలు నిరసనగా తలుపులు మూసుకొన్నాయి. సంస్థ వెనక్కి తగ్గలేదు.

తెలుగుకు ఇందులో మరో ఇబ్బంది ఉంది: పెద్ద సంస్థల లెక్కలో మనం చిన్న ఖాతాదారులం. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం బయటపడింది. 'జ్ఞా' అనే గుణింతం మధ్యలో కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం చేరితే, ఆ జాబు అందుకొన్న ఐఫోనులో దాన్ని చూపించవలసిన కార్యక్రమం కుప్పకూలింది. ఫోను ఎవరిదైనా, ఏ భాషవారిదైనా సరే. ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. తెలుగువారి ఫోన్లకు మాత్రమే తగిలే దోషమైతే ఇంత చురుకుగా సవరించేవారా అని అడగడంలో అన్యాయమేమీ లేదు.

ఇప్పుడు మన విద్యార్థులు ఎక్కువగా ఉన్న చోటు వాట్సాప్. 2014లో ఫేస్‌బుక్ కొన్నది. ఇది అరుగు కూడా కాదు, తలుపు మూసిన గది. గోప్యతకు అది మంచిదే. అయితే లోపల రాసినది బయటినుంచి వెదికితే దొరకదు, నకలు తీసిపెట్టుకోకపోతే ఫోనుతోపాటే పోతుంది. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం పదవ తరగతి దాకా తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేశాక, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరాలు రాని పిల్లలు పెరిగారు. అలాంటివారు తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనో తమిళ అక్షరాలతోనో రాస్తారు, లేదా మాట రికార్డు చేసి పంపుతారు. ఆర్.టి.యస్. నాటి క్రమశిక్షణ ఇందులో లేదు. ల, ళ రెండూ ఒకే 'ఎల్'. అయినా భాషాశాస్త్రం దృష్టిలో వీటి విలువ తక్కువ కాదు. బయటి రాష్ట్రాల తెలుగు అచ్చులోకి వచ్చింది బహు కొద్ది. అచ్చయినది కూడా చాలావరకు ప్రామాణిక భాషలోకి దిద్దినది. కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీల పొత్తులో మన మాట ఎలా నడుస్తున్నదో తెలిపే సహజమైన రాత మొదటిసారిగా ఇంత పెద్ద ఎత్తున పుడుతున్నది. అది పుట్టిన చోటనే పోతున్నది కూడా.

నిలిచినవీ ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సర్వర్లు కూడా అమెరికాలోని ఒక సంస్థవే. కాని అందులోని పాఠాన్ని ఎవరైనా, అనుమతి అడగకుండా, మొత్తంగా దించుకొని మరోచోట పెట్టుకోవచ్చునని లైసెన్సే చెబుతున్నది. సంస్థ రేపు మూతపడినా పాఠం మిగులుతుంది. 1998లో అమెరికా తెలుగువారు ప్రారంభించిన 'ఈమాట' పత్రిక సొంత ఇంట్లో ఉండబట్టి పాత సంచికలతో సహా నేటికీ చదవడానికి దొరుకుతున్నది. ఇవి కాక, ఈ-మెయిలు లాగా ఎవరి సర్వరులో వారుంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకొనే ఏర్పాటుకు 2018లో ఒక ప్రమాణం రూపొందింది; 'మాస్టడాన్' దాన్ని అనుసరిస్తుంది. పద్ధతి యూజ్‌నెట్‌కు చుట్టమే. కాని మన అమ్మమ్మలూ పెద్దమ్మలూ అక్కడ లేరు. వారు లేని చోట మన తెలుగు లేదు. కనుక వాట్సాప్ విడిచి పొమ్మని విద్యార్థులకు చెప్పడం మాకు ఇష్టం లేదు.

చేయగలిగినది చిన్నది. వాట్సాప్‌లో ఒక సంభాషణను మామూలు పాఠంగా బయటకు తీసే సదుపాయం ఉంది. మీ ఇంటివారి, ఊరివారి సంభాషణలలో వారు ఒప్పుకొన్న భాగాలను మాత్రమే అలా తీసి, ఫోను నంబర్లు తొలగించి, పేర్లకు బదులు వయస్సు, ఊరు, ఇంట్లో ఏ ఏ భాషలు మాట్లాడతారో రాసి ఉంచండి. ఇంగ్లీషు అక్షరాలలో రాసినది అలాగే ఉండనిచ్చి, పక్కన తెలుగు లిపిలో యూనికోడులో మరో వరుస చేర్చండి. రాసినవారి అక్షర దోషాలు దిద్దవద్దు. రికార్డు చేసిన మాటల ఫైళ్ళకు తేదీ, ఊరు పేరుగా పెట్టండి. ఒక నకలు మీ దగ్గర, ఒకటి మీ కళాశాల గ్రంథాలయంలో, వీలైతే మూడవది వేరే ఊరిలోని స్నేహితుని దగ్గర ఉంచండి.