మలయాళదేశపు సిలువ రాళ్లు

1547లో మద్రాసు సమీపమున, పరంగిమలై యను కొండమీద, పోర్చుగీసువారు ప్రార్థనాలయమునకై త్రవ్వించుచుండగా నొక రాతిపలక బయల్పడెను. దానిపై ఉబ్బెత్తుగా చెక్కిన సిలువ యున్నది. సిలువ కొనలు మొగ్గలవలె విచ్చియున్నవి. పైనుండి పావురము క్రిందికి దిగుచున్నది. చుట్టును కమానువలె వంగిన యక్షరముల వరుస కలదు.

ఆ యక్షరముల నచ్చట నెవ్వరును చదువజాలరైరి. కొన్నియేండ్లకు విజయనగర రాజ్యమునకు చెందిన యొక పండితుని పిలిపించిరి. ఒక్కొక్క యక్షరములో పదేసి మాటల యర్థ మిమిడియున్నదని చెప్పి, ఆయన తోమా అపొస్తలుని చరిత్రమంతయు ఆ చిన్న పంక్తినుండి వినిపించెను. పిలిపించినవారు వినగోరినదియు నదియే. కావున తప్పు పండితుని దొక్కనిదే యనుట న్యాయము కాదు. మన గ్రామములందును గుడిగోడలోని శాసనమును చూపి యిందేమున్నదని యడిగినచో, తెలియదనుటకు వెనుదీసి కథ చెప్పువారు లేకపోలేదు.

1873లో మద్రాసు రాజధానిలో ఉద్యోగియగు బర్నెల్ దొర ఈ లిపి పహ్లవి యని, అనగా ఇస్లామునకు పూర్వపు పారసీకుల వ్రాత యని ప్రకటించెను. అట్టి రాళ్లే మలయాళదేశమున కోట్టయము పెద్దపళ్లిలోను, కడమట్టము, ముట్టుచిర, ఆలంగాడు మొదలగు ఊళ్ల చర్చిలలోను ఉన్నవి. లిపిరీతినిబట్టి మొదటివి క్రీస్తుశకము 7, 8 శతాబ్దులవని తలచువారు పెక్కురు. కోట్టయములోని రెండింటిలో నొకటి తరువాతిది.

పారసీకుల లిపి ఇచ్చటి కెట్లు వచ్చెను? మిరియాల వర్తకముతో ఓడలమీద వచ్చెను. 849 నాటి కొల్లము తామ్రశాసనము దీనికి గట్టి సాక్ష్యము. స్థాణురవి యేలుబడిలో నచ్చటి చర్చికి వ్రాసియిచ్చిన హక్కులపత్రమది. తూనికలు, కొలతల సంరక్షణ కూడ వారి కప్పగింపబడెను. సాక్షుల చేవ్రాళ్లు పహ్లవిలోను, అరబ్బీలోను, హీబ్రూలోను ఉన్నవి.

శిల్పము మాత్రము ఈ దేశపుదే. కొన్ని రాళ్లలో ఇరువైపుల స్తంభములమీద మకరములు నోరు తెరచియుండగా, వాని నోళ్లనుండి తోరణము వెడలును. మన దేవాలయద్వారములమీది మకరతోరణము నెరిగినవారికి దీనిని వేరుగ వివరింపనక్కరలేదు. సిలువపై క్రీస్తు విగ్రహము లేదు.

ఇక వ్రాత మాట. ఈ పహ్లవీ పంక్తి యన్నిట నించుమించుగా నొక్కటే. రాయి చేయించిన యొకానొకని కరుణింపుమని ప్రభువగు క్రీస్తును వేడుకొనుటయే అందున్నది. ఒక్కని వేడుకోలు ఇన్ని యూళ్లకు వ్యాపించుటను చూడగా, తరువాతి శిల్పులు భావ మెరుగకయే పవిత్రమైన అలంకారముగా నా యక్షరములను ప్రతిచేసిరేమో యని నాకు తోచును.

అతని తండ్రి పేరు చహర్‌బుఖ్త్ అని చదువుదురు. కుమారుని పేరువద్ద మాత్రము తగవు తీరలేదు. వింక్‌వర్త్ పండితుడు అఫ్రాస్ అని చదివెను; 1970లో గ్రాప్ అను జర్మను పండితుడు వేరొక విధముగా చదివెను. మొదట దొరికిన రాయి నేటికిని పరంగిమలై చర్చిలో బలిపీఠము వెనుక గోడలో నున్నది.